కొలువు బొమ్మలకు రంగులు దిద్దే విధానం

సంక్రాంతికి ముందు అటక మీది బొమ్మలను దించి, వెలిసిన రంగులను ఇంట్లోనే దిద్దుకొనే అలవాటు అనేక కుటుంబాలలో ఉన్నది. కొండపల్లి బొమ్మలకు ఆ పని చేయదలచిన వారికి ఉపయోగపడునని, నేను చేసిన ఒక పొరపాటును, దాని వలన నేర్చిన పాఠాన్ని నివేదిస్తున్నాను.

మా అమ్మగారు నాకిచ్చిన బొమ్మలలో మురళి పట్టిన కృష్ణుడు ఒకడు. చేతి నీలం వెలిసినందున కుంచె పట్టాను. మురళికి, గడ్డానికి నడుమ ఉన్న ఇరుకు సందులో నీలపు చుక్క జారి, పసుపు రంగు హారంపై పడింది. కంగారుపడి తడిగుడ్డ కొనను ఆ సందులో దూర్చి రుద్దాను. నీలం హారమంతటా పరచుకొన్నది. పైనున్న పెదవి గీత కూడా చెరిగిపోయింది. ఆ గీతను మరల గీశాను గాని, పాత చిరునవ్వు రాలేదు.

కొండపల్లి కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రతో మొండెమును, చేతులను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అందువలన చేతికి, దేహానికి మధ్య కుంచె తిరగని చోట్లు మిగులుతాయి. ఆ కర్ర, ఆ మక్కు నీటికి ఓర్వవు.

కనుక మొదట పాత రంగు స్వభావం తెలుసుకోవాలి. తడిపి పిండిన దూదిని పీఠం అడుగున అద్ది చూడండి. రంగు అంటితే అది నీటిరంగు, తడి తగలనీయరాదు. అంటకపోతే ఎనామిల్ వంటిది కావచ్చును. దానిని టర్పెంటైనుతో రుద్దితే అడుగు పూత కూడా కరిగే ప్రమాదమున్నది.

పడిన చుక్క ఇంకా తడిగా ఉంటే, పొడిగా ఉన్న సన్నకుంచె మొనను దానిపై ఆనించి ఎత్తాలి. కుంచె తానే రంగును పీల్చుకొంటుంది. ఎత్తిన ప్రతిసారి మొనను గుడ్డతో తుడవాలి. కుంచె పట్టని చోట సన్నని పుల్ల కొనకు నాలుగు దూది పోగులు చుట్టి వాడవచ్చును. అద్దవలెనే గాని రుద్దరాదు.

మిగిలిన మరకను పూర్తిగా ఆరనివ్వాలి. ఎనామిల్ అయితే కనీసం ఒక రోజు. పిదప అదే రకపు తెల్లరంగును పలుచగా రెండు పూతలు, మొదటిది ఆరిన తరువాత రెండవది వేసి, ఆపై అసలు రంగు వేయాలి. తెల్లపూత లేకుండా నీలంపై పసుపు వేస్తే పచ్చని ఛాయ తేలుతుంది.

మణికట్టును బల్లపై ఆనించి, చేతిని వంచక బొమ్మనే తిప్పుకోండి. దీపం ప్రక్క నుండి పడితే సందులోని లోతు తెలుస్తుంది. లోతైన చోట్లు మొదట, ఉబ్బెత్తు భాగాలు తరువాత, కన్నులు, పెదవులు చిట్టచివర దిద్దాలి.

ఇది కొలువు బొమ్మలకు మాత్రమే. నిత్యపూజలో ఉన్న విగ్రహాల విషయమై అర్చకులనే అడగాలి.

ఈ సంక్రాంతికి కూడా ఆ కృష్ణుడిని కొలువులోనే ఉంచుతాను. హారంపై నీలాన్ని తెల్లపూతతో కప్పి పసుపు దిద్దాను. పెదవి జోలికి మాత్రం ఇక వెళ్లను.