ఆస్పత్రి కాగితంలో ‘జారిపడ్డాడు’ అని రాయించుకోకండి

గత నాలుగు నెలల్లో నా దగ్గరికి వచ్చిన బైకు ప్రమాదాల కేసుల్లో మూడింటిది ఒకటే కథ. కారు గుద్దిన మాట నిజం, కాలో చెయ్యో విరిగిన మాట నిజం. ఆస్పత్రి కేస్ షీట్‌లో మాత్రం ‘బండి స్కిడ్ అయి జారిపడ్డాడు’ అని ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరుకు ఆ ఒక్క వాక్యం చాలు.

మూడో కేసు మనిషి టైల్స్ మేస్త్రీ. ఊరు నల్లగొండ జిల్లాలో, 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే. సాయంత్రం పని ముగించుకుని వస్తుంటే, డివైడర్ సందు దగ్గర ఎదురుగా వస్తున్న కారు ఇండికేటర్ వేయకుండా అడ్డం తిరిగింది. కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. కారాయన పారిపోలేదు. తన కార్లోనే ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాడు, ఇరవై వేలు కట్టాడు. క్యాజువాలిటీలో డాక్టరు ఏమైందని అడిగితే జవాబు కూడా ఆయనే చెప్పాడు.

‘పోలీసు కేసైతే ఆపరేషన్ లేటైతదన్నడు సార్. సరే అన్నం. ఆ కాయితంల ఏం రాసిండ్రో మాకెట్ల తెలుస్తది, ఇంగ్లీషుల ఉంటది’ అంది మేస్త్రీ భార్య.

కేసు పెడితే వైద్యం ఆగుతుందన్నది పచ్చి అబద్ధం. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు తతంగం అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పోలీసుల కోసం ఆగకుండా వెంటనే వైద్యం చేయాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డాక్టర్లనే ఆదేశిస్తోంది. ఇంత తెలిసిన ఆస్పత్రులు కూడా మెడికో లీగల్ రిజిస్టర్‌లో రాస్తే కోర్టుకు తిరగాల్సి వస్తుందని ‘స్కిడ్’ అని రాసి చేతులు దులుపుకుంటున్నాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డాక్టరుకు కోర్టులో పోయేది ఒక పూట. మేస్త్రీకి పోతున్నది జీవనాధారం.

కొందరు క్లయింట్లు తామే ఈ అబద్ధం చెప్పి వస్తున్నారు. లైసెన్స్ లేదనో, హెల్మెట్ పెట్టుకోలేదనో భయం. అయ్యా, లైసెన్స్ లేకపోతే దానికి జరిమానా వేరు. అంతమాత్రాన ప్రమాదంలో తప్పు మీదైపోదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మీద ముగ్గురు ఎక్కినా, ప్రమాదానికి అదే కారణమని చూపించకుండా పరిహారం కోయకూడదని 2020లో మరో తీర్పు వచ్చింది. ఇవి బయటికి చెప్పుకోగలిగిన తప్పులు. ‘జారిపడ్డాను’ అన్నారంటే మాత్రం అసలు కారే లేదని మీరే ఒప్పుకున్నట్టు. గుద్దిన బండి ఏదో తెలియని హిట్ అండ్ రన్‌లో కూడా తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు వస్తాయి. జారిపడ్డ మనిషికి అదీ రాదు.

కారు నడిపేవాళ్లకూ ఒక మాట. లైసెన్సూ, పాలసీ సక్రమంగా ఉంటే పరిహారం కట్టేది మీరు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. థర్డ్ పార్టీ పాలసీలో మనిషికి తగిలిన గాయాలకు ఇంతేనన్న పరిమితి లేదు. ఆ ఇరవై వేలు కట్టి నిజం చెప్పి ఉంటే మీరూ బయటపడేవారు, అతనూ గట్టెక్కేవాడు.

మా మేస్త్రీ విషయంలో బిల్లు రెండు లక్షలు దాటాక కారాయన ఫోన్ స్విచాఫ్ అయింది. ముప్పై మూడో రోజున వీళ్లు స్టేషన్‌కు వెళ్తే, ‘ఇన్నాళ్లు ఏం చేసిండ్రు, ఆస్పత్రోళ్లే జారిపడ్డడని రాసిండ్రు కదా’ అని రెండుసార్లు తిప్పి పంపారు. ఎఫ్ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన పరిహారం కేసు కొట్టేయకూడదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆ హెడ్ కానిస్టేబుల్‌కు పట్టలేదు. ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాకే కేసు కట్టారు. స్టేషన్‌లో తీసుకోకపోతే మీరూ అదే చేయండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ కాపీకి పైసా కట్టనక్కర్లేదు.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 1 నుంచి ట్రిబ్యునల్‌లో పరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయని నిమ్మళంగా కూర్చోకండి.

మళ్లీ చెప్తున్నా. క్యాజువాలిటీలో మీకు తెలివి ఉంటే మీ నోటితోనే ‘ఫలానా నంబరు కారు గుద్దింది’ అనండి. తెలివి లేకపోతే పక్కనున్న మీ మనిషి అనాలి, గుద్దినాయన కాదు. రాసింది చదివించుకుని వినండి. తప్పు రాసి ఉంటే డిశ్చార్జి దాకా ఆగొద్దు. ఆ రోజే సూపరింటెండెంట్‌కు కాగితం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. తర్వాత కోర్టులో నేనెంత వాదించినా ఆ ముద్రకు సాటి రాదు.

మేస్త్రీకి డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్‌లో వైకల్యం ఇరవై ఐదు శాతం. కానీ టైల్స్ పని గొంతుక్కూర్చుని చేసేది. అతని మోకాలు వంగదు. శాతం కాదు, సంపాదనకు ఎంత దెబ్బ తగిలిందో చూడాలని 2010లో రాజ్ కుమార్ కేసులో వచ్చిన తీర్పును ట్రిబ్యునల్ ముందు పెట్టాను. దాని దాకా వెళ్లాలంటే ముందు కారు గుద్దిందని రుజువు కావాలి. టీ కొట్టు దగ్గరి సీసీ కెమెరా రికార్డు నెల తిరక్కముందే చెరిగిపోయింది.

పోయిన వాయిదాలో ఆస్పత్రి అసలు కేస్ షీట్ తెప్పించాం. మొదటి పేజీలో ‘స్కిడ్ అయి జారిపడ్డాడు’ అని ఉంది. దాని కిందే, పేషెంటును తీసుకొచ్చినవారు అన్న గడిలో కారాయన పేరు, ఫోన్ నంబరు, సంతకం ఉన్నాయి. ఇరవై వేలు ఆ నంబరు నుంచే ఫోన్‌పేలో వచ్చాయి. దారిన పోతూ సాయం చేశానంటున్నాడట ఇప్పుడు. వచ్చే వాయిదాకు ఆయన్ను బోనెక్కిస్తున్నాం.