మిర్గం దాకా ఉండిపోండి

సంగారెడ్డి,
ఏప్రిల్ 14

బిడ్డా,

నువ్వు రెండు సంగతులు అడిగావు. సెలవుల్లో పిల్లల్ని నీళ్ళ మధ్య ఏదైనా దీవి మీదికి తీసుకుపోదామని అల్లుడు అంటున్నాడు, లక్నవరం పోవాలా, సింగూరులో మన గడ్డ మీది కొట్టంలో ఉండాలా అన్నది ఒకటి. ఫ్యాక్టరీలో నిన్ను ల్యాబ్ నుంచి ఈటీపీకి, అంటే వ్యర్థ నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకు మారుస్తామంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా అన్నది రెండోది. రెండూ మంజీర నదికి సంబంధించినవే కాబట్టి ఒకే ఉత్తరంలో రాస్తున్నాను. తీరికగా చదువుకో.

లక్నవరం మంచి చోటే. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువు. చుట్టూ అడవి, లోపల దీవులు, వేలాడే వంతెన, దీవి మీద టూరిజం వాళ్ళ కాటేజీలు. మీ అత్తమామలను తీసుకుని కార్తీకంలో పోయి రెండు రాత్రులు ఉండి రండి. మే నెలలో మాత్రం పిల్లల్ని ఇటే తీసుకురా. ఇస్నాపూర్‌లో మూడో అంతస్తులో, రాత్రి ఫ్యాక్టరీల వాసనకు కిటికీలు మూసుకుని, ట్యాంకరు నీళ్ళ మీద పెరుగుతున్నారు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు వచ్చినా ఈత రాదు. చిన్నది తూనీగను పుస్తకంలో చూసింది గానీ చేత్తో పట్టుకోలేదు. వాళ్ళకు ఒకే చోట, ఒకే నీళ్ళ పక్కన కనీసం పదిహేను రోజులు గడవాలి. మొదట్లో ఏమీ తోచక గొడవ చేస్తారు. చేయనీ, నువ్వు తొందరపడి ఫోను చేతికివ్వకు. రెండు మూడు రోజులు పోతే వాళ్ళ పని వాళ్ళే వెతుక్కుంటారు.

ఆ గడ్డ సంగతి నువ్వు పిల్లలకు చెప్పాలి కాబట్టి రాస్తున్నా. మంజీర మీద సింగూరు డ్యామ్ 1980లలో లేచింది. హైదరాబాదుకు తాగునీళ్ళు, మన జిల్లాకు సాగునీళ్ళు అన్నారు. నిండితే దాదాపు 30 టీఎంసీలు. ఎన్నో ఊళ్ళు లేచి గట్టు మీదికి వచ్చాయి. మన తాతల పొలం కూడా చాలావరకు నీళ్ళలో పోయింది. పరిహారంలో తన వాటా పెట్టి మీ నాయిన పటాన్‌చెరులో ప్లాటు కొన్నాడు. నువ్వు పుట్టిన ఇల్లు అదే. పొలంలో ఎత్తుగా ఉన్న గుట్ట కొన మాత్రం మునగలేదు. ప్రాజెక్టు పూర్తి మట్టం 523.6 మీటర్లు. ఆ మట్టానికి నీళ్ళు వచ్చినప్పుడు మన గుట్ట చుట్టూ నీళ్ళే, పుట్టి లేకుండా పోలేం. మే వచ్చేసరికి నీళ్ళు దిగుతాయి, ఒకవైపు బురద ఎండి నెర్రెలు విచ్చుకుంటుంది, మిగతా మూడు వైపులా నీళ్ళు ఉంటాయి. తడి ఆరేకొద్దీ శిఖం భూముల్లో వేసుకున్న శనగ, జొన్న చేల కొయ్యకాళ్ళు ఇంకా కనిపిస్తుంటాయి. 2016 ఎండాకాలంలో ఆ మూడు వైపులా కూడా ఎండిపోయింది. మునిగిన పొలం గట్లు, బావి ఒరలు బయటపడ్డాయి, మీ పెద్దమ్మ వాటిని చూసి కూర్చుని ఏడ్చింది. ఆ కరువులో పట్నానికి సింగూరు, మంజీర నీళ్ళు బందయ్యాయి. నదిలో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయని పిల్లలు అనుకోకూడదు. అందుకే ఈ మాట వాళ్ళకు చెప్పమంటున్నాను.

కొట్టం గురించి అల్లుడికి ముందే చెప్పి పెట్టు. రాయి, మట్టి గోడలు, తాటి కమ్మల కప్పు, అలికిన నేల. కరెంటు లేదు. సోలారు లైటు ఒకటి ఉంది, రాత్రి తొమ్మిది దాకా వెలుగుతుంది. నాలుగు నులక మంచాలు, ఒక రంజన్, మూడు రాళ్ళ పొయ్యి. తాగే నీళ్ళు ఊళ్ళో మిషన్ భగీరథ నల్లా నుంచి డబ్బాల్లో తెచ్చుకోవాలి. మరుగుదొడ్డి వెనుక తడికెల చాటున ఉంది, గుంట నేనే తవ్వించాను, శుభ్రంగానే ఉంటుంది. ఏటా ఎండాకాలం మొదట్లో కప్పు మార్చాలి. ఈసారి ఆ పని మీరు వచ్చేదాకా ఆపుతాను. కమ్మలు అందివ్వడం పెద్దవాడి పని. పాత కమ్మలు పీకుతుంటే వాటి మధ్య నుంచి తేళ్ళు, జెర్రులు రాలతాయి, చెప్పులు వేసుకుని దూరంగా నిలబడాలి. కొత్త కమ్మను ముందు నీళ్ళు చల్లి మెత్తబరచాలి, లేకపోతే మడతలో విరిగిపోతుంది. కింది వరుసతో మొదలుపెట్టి పై వరుస దాని మీద జానెడు ఎక్కేటట్టు పరిచి, మోదుగ నారతో వాసాలకు కట్టాలి. వరుసలు తారుమారైతే మొదటి వానకే ఇల్లంతా కురుస్తుంది. తన చేత్తో కట్టిన కప్పు కింద వాన రోజు పడుకుంటే వాడికి ఆ నిద్ర గుర్తుంటుంది.

చిన్నదానికి నేల అలకడం నేర్పు. పేడ, ఎర్రమట్టి కలిపి అరచేయి అర్ధచంద్రంగా తిప్పుతూ గోడ దగ్గర నుంచి గడప వైపు రావాలి. చేతులు పాడవుతాయని అడ్డం చెప్పకు.

ఇప్పుడు భయం చెప్పాల్సిన మాటలు. ఇవి బాగా చదువు.

మంజీరలో మొసళ్ళు ఉన్నాయి. కథ కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల ఒడ్డున ఇసుకలో గుంట చేసి గుడ్లు పెడతాయి, వానలకు ముందు పిల్లలు బయటికి వస్తాయి. అంటే మీరు వచ్చే రోజుల్లోనే తల్లి అక్కడక్కడే కాపలా ఉంటుంది. ప్రాజెక్టు నీళ్ళలో ఎవరూ దిగొద్దు, మోకాలి లోతుకు కూడా. పొద్దు గూకినాక, తెల్లవారకముందు నీళ్ళ అంచుకు పోవద్దు. స్నానం బండ మీద బిందెతో, చెంబుతో. ఈత నేర్పేది ఊళ్ళో మెట్ల బావిలో. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి నేనే దింపుతాను. మీ నాయినకు కూడా అట్లాగే నేర్పాను. ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, క్వారీ గుంతల్లో మునిగి పిల్లలు పోవడం ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఈత రాకుండా ఈ ఏడు వాడిని బడికి పంపొద్దు.

పుట్టి ఎక్కేటప్పుడు నలుగురికి మించి వద్దు, మధ్యలో గొంతుక్కూర్చోవాలి, ఫోటోలకు లేవొద్దు. పిల్లల కొలతకు లైఫ్ జాకెట్లు రెండు కొనుక్కుని రా, ఇక్కడ దొరకవు. మధ్యాహ్నం మూడు దాటితే పుట్టి కట్టేయాల్సిందే. మే నెలలో గాలిదుమారం చెప్పి రాదు. మబ్బు నల్లబడి గాలి స్తంభిస్తే కొట్టంలో కూర్చోకుండా ఊళ్ళో మన వాళ్ళ స్లాబు ఇంటికి వచ్చేయండి. గడ్డ మీద ఒంటరిగా ఉన్న వేపచెట్టు కిందికి అసలే పోవద్దు, పిడుగు దాని మీదే పడుతుంది. రాత్రి దోమతెర కట్టి మంచం మీదే పడుకోవాలి, నేల మీద వద్దు, కట్లపాములు తిరిగే కాలం. ఏదైనా కరిస్తే తాళ్ళు బిగించకుండా, మంత్రాల దగ్గర ఆగకుండా నేరుగా సంగారెడ్డి పెద్దాసుపత్రికి.

ఇన్ని జాగ్రత్తలు చదివి అల్లుడు వెనకాడతాడేమో. జాగ్రత్త తెలిస్తే భయం లేదని చెప్పు. జాలరి కుటుంబాలు ఆ నీళ్ళ మీదే బతుకుతున్నాయి. పొద్దుగూకే ముందు వలలు వేసి, తెల్లవారి తీస్తారు. తెల్లవారగానే ఒడ్డున ఉంటే బొచ్చె, రవ్వ, అదృష్టం బాగుంటే కొర్రమట్ట దొరుకుతాయి. బేరం ఆడకుండా కొను. చేప ఎట్లా తోమాలో పిల్లలకు వాళ్ళే చూపిస్తారు. మీ పెద్దమ్మ చింతపండు పులుసు పెడుతుంది, జొన్నరొట్టెలు నువ్వు చేయి, అరచేత్తో తట్టడం మర్చిపోయి ఉంటావు. పొద్దున తైదంబలి, పగలు పచ్చిపులుసు అన్నం, నడిమధ్యాహ్నం తాటి ముంజలు. చిప్స్ ప్యాకెట్లు తేవద్దు, కవర్లన్నీ నీళ్ళలోకి పోతాయి. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానంలో వందల రకాల మామిడి ఉంది. వచ్చే దారిలో అక్కడ ఆగి పండ్లు అమ్ముతుంటే తీసుకో, రకాల పేర్లు పిల్లల చేత రాయించు.

తీతువు పిట్టలు గడ్డ మీద కటిక నేల మీదే గుడ్లు పెడతాయి. నాలుగు గుడ్లు, గులకరాళ్ళ రంగులోనే ఉంటాయి, పక్కనే నిలబడ్డా కనబడవు. తల్లి నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే అడుగు తీసి అడుగు వేసే ముందు కింద చూడాలి. ఒకసారి ఆ గుడ్లను తొక్కకుండా తప్పుకుని నడిచిన పిల్లకు తరవాత ఎక్కడైనా కింద చూసి నడవడం వస్తుంది. చలికాలం వచ్చే బాతులు అప్పటికి వెళ్ళిపోయి ఉంటాయి, వాటి కోసం జనవరిలో మళ్ళీ రావచ్చు.

ఒక మాట. కల్పగూర్ దగ్గర మంజీరా అభయారణ్యంలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, కర్ణంగడ్డ అని లంకలు ఉన్నాయి. అక్కడ రాత్రి ఉండేందుకు ఎవరైనా ఏర్పాటు చేస్తామంటే నమ్మొద్దు. 1978 నుంచి అది మొసళ్ళకూ పక్షులకూ వదిలిపెట్టిన చోటు. ఒడ్డు నుంచి చూసి రండి, ఊళ్ళో అనంతపద్మనాభస్వామి గుడి కూడా చూపించు.

ఇక నీ ఉద్యోగం.

మీ ఫ్యాక్టరీల వైపు నీళ్ళు ఎక్కడికి చేరతాయో చూపించడానికి, మీరు వెళ్ళే ముందు రోజు నేను పిల్లల్ని గౌడిచర్ల తీసుకుపోతాను. పటాన్‌చెరు, పాశమైలారం వైపు నీళ్ళు ఇసుకవాగులో పడి, నక్కవాగులో కలిసి, అక్కడ మంజీరలో చేరతాయి. కల్పగూర్ బ్యారేజీ దానికి ఎగువన ఉంది కాబట్టి పట్నం నల్లాలోకి ఆ నీళ్ళు రావు. దిగువన ఉన్నవాళ్ళకు మాత్రం అవే నీళ్ళు. ఆ దిగువనే 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఉంది, నది ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ ఉంది. శివరాత్రికి మన ఇంటివాళ్ళు మునిగేది ఆ పాయల్లోనే. నక్కవాగు పక్క ఊళ్ళ బావుల్లో నీళ్ళు రంగు మారి, పశువులు చచ్చి, పొలాలు చౌడు బారిన సంగతి నీ చిన్నప్పటిది. 1990లోనే ఆ గొడవ సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రకటించారు. అప్పుడు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న రోగి నెత్తురులో ఉండేదాని కన్నా ఎక్కువ. అట్లాంటి నీళ్ళలో పెరిగిన క్రిములకు రేపు మందులు పనిచేయకపోవచ్చు. కెమిస్ట్రీ చదివిన నీకు నేను వివరించక్కరలేదు.

అందుకే ఈటీపీకి మారమంటున్నాను. అది శిక్ష అనుకుంటారు అక్కడ, ల్యాబ్ కన్నా తక్కువ పని అనుకుంటారు. నా దృష్టిలో ఆ ఆవరణలో అంతకన్నా పెద్ద పని లేదు. కానీ రెండు షరతులు పెట్టుకో. సీఓడీ గానీ టీడీఎస్ గానీ, మీటరు ఏది చూపిస్తే అదే రాయి. ఎవరి కోసమూ అంకె దిద్దకు. రెండోది, వానాకాలం రాత్రి షిఫ్టులో, బయట వరద పారుతున్నప్పుడు వ్యర్థ నీళ్ళ గేటు ఎత్తమని ఎవరైనా నోటిమాటగా చెప్తే, కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడుగు. పెట్టకపోతే ఎత్తకు. ఉద్యోగం పోతుందని భయపడకు. పోతే సంగారెడ్డిలో మా ఇల్లు ఉంది, నా పింఛను ఉంది. నీ చదువుకు ఇంకో చోట పని దొరుకుతుంది. చెడిన వాగు బాగుపడటానికి ఎన్నేళ్ళు పడుతుందో నక్కవాగు పక్కవాళ్ళను అడుగు.

నువ్వు గడ్డ మీద ఆ పదిహేను రోజులు ఉండి, పిల్లలు ఆ నీళ్ళతో బండ మీద స్నానం చేయడం, ఆ చేప తినడం కళ్ళారా చూసి, ఆ తరవాత కొత్త పనిలో చేరు. తేదీ అడిగితే జూన్ రెండో వారం అని చెప్పు.

మే 20 తరవాత, పదిహేను రోజులు నిండేటట్టు చూసుకుని రండి. అల్లుడికి సెలవు లేకపోతే శనివారాలు వచ్చిపోతాడు, సంగారెడ్డి దాటి జోగిపేట రోడ్డు పట్టి పుల్కల్ మీదుగా వస్తే గంటన్నర ప్రయాణం. రోహిణి ఎండలు మండుతాయి, పగలు కొట్టం దాటి రాకండి, పనులన్నీ పొద్దునా సాయంత్రమూ. జూన్ 8న మిర్గం, అంటే మృగశిర కార్తె. ఆ రోజు చేప తినకుండా ఎవరినీ కదలనివ్వను. 9న బయలుదేరితే 12న బడి తెరిచేనాటికి పిల్లలు ఇంట్లో ఉంటారు.

ఏ రోజు వస్తున్నారో ఈ వారంలోనే చెప్పు. కమ్మలు కొట్టించాలి, పుట్టి ఆయనకు ముందే మాట చెప్పి పెట్టాలి.

నీ పెద్దనాయిన