మైకు ముందు ఊఁ కొట్టేదెవరు?

మా ఆఫీసులో ఓ పెద్దాయన పదవీ విరమణ సభ. పన్నెండేళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి కదా, నాలుగు ముక్కలు మాట్లాడమని మైకు నా చేతికిచ్చారు. టీ బడ్డీ దగ్గరైతే ఆయన గురించి గంటసేపు చెప్పి అందరినీ నవ్వించగలను. మైకు అందుకోగానే నా నోట ఊడిపడిన మొదటి వాక్యం మాత్రం ఇదీ: "వేదికనలంకరించిన పెద్దలందరికీ ఈ సందర్భంగా తెలియజేసుకునేది ఏమిటంటే, వారి సేవలు ఏవైతే ఉన్నాయో, వాటిని మా విభాగానికి అందించడం జరిగింది." పెద్దాయన నాకేసి జాలిగా చూశారు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తేలింది. నా గొంతూ మారలేదు, విషయమూ మారలేదు. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోయారు, అంతే.

బడ్డీ దగ్గర మనం మాట్లాడుతుంటే ఎదుటివాడు ఊఁ అంటాడు, "తర్వాత?" అంటాడు, "చాల్లే, కోతలు!" అంటాడు. మాట ఆ ఊఁ మీదే నడుస్తుంది. కథ చెప్పే అమ్మమ్మ కూడా ఊఁ వినపడకపోతే "నిద్రపోయావట్రా?" అని ఆగిపోతుంది. వేదికెక్కితే ఆ చప్పుడుండదు. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి, ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని నోటీసు బోర్డు తెలుగు అందుకుంటాం.

ఈ జబ్బుకి బుర్రకథవాళ్ళు ఏనాడో మందు కనిపెట్టారు. తంబుర పట్టుకుని మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. జనం మనసులో లేచే సందేహాన్ని హాస్యం చెప్పేవాడు నోరువిప్పి అడిగేస్తాడు. రాజకీయం చెప్పేవాడు ఎప్పటిదో పల్నాటి గొడవని తెచ్చి ఇవాళ్టి ఊరి సంగతికి ముడిపెడతాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ అంతటి కథకుడికీ పక్కన ఆ ఇద్దరూ ఉండాల్సిందే. మనకి వేదిక మీద వంతలుండరు కాబట్టి, ప్రసంగం తయారుచేసుకునేటప్పుడే వాళ్ళని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

మీ అపార్ట్‌మెంట్ సమావేశంలో ఇంకుడు గుంత తవ్వించాలని చెప్పాలనుకోండి. "భూగర్భ జలాలు అడుగంటిపోతున్నాయి" అని మొదలుపెట్టారు. వెంటనే హాస్యం అడుగుతాడు: "మనకేంటయ్యా, ట్యాంకరొస్తోందిగా?" దానికి మీ జవాబు: "ఆ ట్యాంకర్లకి పోయిన ఏప్రిల్లో మనం ఎంత కట్టామో ఈ రసీదుల్లో ఉంది, చూడండి." రాజకీయం ఊరుకోడు: "సరే, గుంతకయ్యే డబ్బు ఎవరిస్తారు? పార్కింగ్‌లో నా స్థలమే తవ్వుతారా?" దానికీ జవాబు రాసుకోండి. ఇప్పుడు ఆ మొదటి వాక్యాన్ని కొట్టేయండి. భూగర్భ జలాల సంగతి అందరికీ తెలిసిందే, పేపర్లో రోజూ వస్తుంది. రసీదుల కట్ట చేత్తో పైకెత్తి మొదలుపెట్టండి. వెనక వరసలో సెల్‌ఫోన్ చూసుకుంటున్నాయన కూడా తలెత్తుతాడు.

అలా తలెత్తడమే ఊఁ కొట్టడం. సభలో ఊఁ చెవికి వినపడదు, కంటికి కనపడుతుంది. ఎడమవైపు ఒకరిని, మధ్యలో ఒకరిని, కుడివైపు ఒకరిని ఎంచుకోండి. ఒక పూర్తి వాక్యం ఒకరి ముఖంలోకి చూస్తూ చెప్పి, ఆ తర్వాతే ఇంకొకరి వైపు తిరగండి. గోడ గడియారం వైపు చూస్తూ మాట్లాడితే ఊఁ కొట్టేది గడియారమే.

మరి భయం సంగతి? సభాకంపం అని దీనికో పెద్ద పేరుంది కానీ, పట్టుకునేది అందరినీ. 1891లో లండన్ వదిలి వచ్చే ముందు గాంధీజీ తన శాకాహార మిత్రులకి హోబర్న్ రెస్టారెంట్‌లో విందు ఇచ్చారు. ఎంతో జాగ్రత్తగా కూర్చుకున్న నాలుగు మాటల ప్రసంగంలో మొదటి వాక్యం దాటి ముందుకి పోలేకపోయారు. వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయారు. ఈ సంగతి ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ బిడియమే తనకి మాటల పొదుపు నేర్పిందని కూడా అన్నారు.

గుండె దడదడలాడుతుంటే ధైర్యం తెచ్చుకోమని ఎవరు చెప్పినా లాభం లేదు. ఊపిరి పీల్చిన దానికన్నా నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి. అలా ఓ ఐదారుసార్లు చేస్తే దడ తగ్గుతుంది. చేతులు వణికే అలవాటుంటే పల్చటి కాగితం పట్టుకోకండి, వణుకు రెండింతలై అందరికీ కనపడుతుంది. పాత శుభలేఖ అట్ట వెనక ఐదు మాటలు పెద్దక్షరాలతో రాసుకోండి. వాక్యాలు వద్దు, మాటలే.

మొత్తం బట్టీ పట్టడం అన్నిటికన్నా ప్రమాదం. పదమూడో ఎక్కం మధ్యలో ఆగిన పిల్లాడు మళ్ళీ పదమూడు ఒకట్ల దగ్గరికి పోవాల్సిందే, మీ గతీ అదే అవుతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి.

వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో ఒక లెక్క బోర్డు మీద రాస్తుంటారు: మాటల విలువ 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ హావభావాలూ అని. నమ్మకండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాల్లోంచి ఈ లెక్క వచ్చింది. అవి మనిషి ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయన్న దాని గురించి చేసినవి, ఉపన్యాసాల గురించి కాదు. ఆ లెక్కే నిజమైతే మనమంతా టీవీలో జపనీస్ వార్తలు చూసి 93 శాతం అర్థం చేసుకోవాలి.

ఊతపదాల సంగతి మాత్రం పట్టించుకోవాల్సిందే. "ఏదైతే ఉందో", "అదేంటంటే", "బేసికల్‌గా", "సో"... ఊఁ వినపడని ఖాళీని మన ఊఁతోనే నింపుకోవడం ఇది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఇవి లెక్కపెట్టడానికి ప్రతి సమావేశంలో ఓ మనిషిని ప్రత్యేకంగా పెడతారు. హైదరాబాద్‌లోనూ ఆ క్లబ్బులున్నాయి. అంత దూరం పోలేకపోతే రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని మీ పదో తరగతి పిల్లకివ్వండి. జాలి లేకుండా లెక్కపెడుతుంది. ఊతపదం రాబోయే చోట నోరు మూసుకుని ఓ క్షణం ఆగండి. మీకది యుగంలా ఉంటుంది కానీ, వినేవాళ్ళకి ఆలోచిస్తున్నట్టే కనపడుతుంది.

మైకు నోటికి పిడికిలంత దూరంలో పట్టుకోవాలి. చేత్తో తట్టకండి, పట్టుకుని సౌండ్ బాక్సుల ముందుకి పోకండి, కుయ్యిమంటుంది. దాని గురించి ఇంతకన్నా తెలుసుకోవాల్సింది లేదు.

ఇక ఆపడం. మన సభల్లో "చివరగా ఒక్క మాట" అన్నాక సగటున నాలుగు మాటలుంటాయి. నేను దీనికి మా బావమరిదిని వెంటబెట్టుకుపోతాను. చివరి వరసలో కూర్చుంటాడు. గొంతు వినపడకపోతే చెవి గోక్కుంటాడు, టైము అయిపోతే లేచి నిలబడతాడు. మొన్న ఓ పుస్తకావిష్కరణలో లేచి నిలబడ్డాడు. ఒక్క పిట్టకథ చెప్పి ఆపేద్దామనుకున్నాను. అది ముగిసేసరికి వాడు భోజనాల దగ్గర పెరుగన్నంలో ఉన్నాడు, వాడి వెనకాలే వెళ్ళిన రెండు వరసలవాళ్ళు కూడా.