'నిశ్శబ్దం పాటించండి' బోర్డు కింద ఒక కొలువు

గ్రూప్స్ పుస్తకాలు పట్టుకుని హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లేవాళ్లకు కుర్చీ విలువ తెలుసు, నిశ్శబ్దం విలువ అంతకంటే బాగా తెలుసు. ఎవరి ఫోనైనా మోగిందా, హాలంతా ఒక్కసారి అటు తిరిగి గుర్రుగా చూస్తుంది. అలాంటి చోట శబ్దాన్ని డిజైన్ చేసే పని ఒకటుందంటే నవ్వొస్తుంది. కానీ ఉంది. నోటిఫికేషన్ పడే పోస్టు కాదిది, పడుతుందని నేను ఆశ పెట్టను కూడా. అయినా దీనికి కావలసిన చదువు మన దేశంలోనే దొరుకుతుంది, కావలసిన మొదటి పరికరం మీ జేబులోనే ఉంది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం. లండన్ తూర్పు వైపు వైట్‌చాపెల్ లైబ్రరీ అని ఒక పాత గ్రంథాలయం ఉండేది. 1999లో అక్కడికి వెళ్లి అడిగితే పుస్తకానికి బదులు సీడీ ప్లేయరు, హెడ్‌ఫోన్లు చేతికిచ్చేవారు. క్రైమ్ నవలల అర దగ్గర నిలబడి బటన్ నొక్కితే చెవిలో ఒక ఆడగొంతు మొదలవుతుంది. ఆ గొంతు వెంట నడవాలి. అది మిమ్మల్ని తలుపు దాటించి, బ్రిక్ లేన్ పరిసరాల వీధులు తిప్పి, చివరికి లివర్‌పూల్ స్ట్రీట్ రైల్వేస్టేషన్‌లో వదిలేస్తుంది. దారిలో పక్కనుంచి ఎవరో దాటిపోయినట్టుంటుంది. తలతిప్పి చూస్తే ఎవరూ ఉండరు, అది రికార్డింగులోని మనిషి. కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ చేసిన ఈ పని పేరు 'ది మిస్సింగ్ వాయిస్'.

ఇందులో మాయేమీ లేదు. కుడివైపు పుట్టిన చప్పుడు కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. మెదడుకు అది చాలు, దిక్కు పసిగట్టేస్తుంది. చెవుల దగ్గర రెండు మైకులు పెట్టి రికార్డు చేస్తే ఆ తేడా అలాగే నిలిచిపోతుంది. దీన్నే బైనారల్ రికార్డింగ్ అంటారు. ఖరీదైన హాలు, నలభై స్పీకర్లు అక్కర్లేదు, రెండు మైకులు, మామూలు ఇయర్‌ఫోన్లతో అయిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నేనంటాను.

రెండో ఉదాహరణ డెన్మార్క్‌లోది. ఆర్హుస్ పట్టణంలో 2015లో తెరిచిన డాక్‌వన్ గ్రంథాలయం మధ్య మెట్ల దగ్గర మూడు టన్నుల కంచు గంట వేలాడుతుంది. ఊళ్లోని యూనివర్సిటీ ఆసుపత్రిలో బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రులు అక్కడ ఒక బటన్ నొక్కితే ఇక్కడ గంట మోగుతుంది. చదువుకుంటున్నవాళ్లు తల ఎత్తుతారు, ఊళ్లోకి ఇంకొకరు వచ్చారని తెలుస్తుంది, మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోతారు.

ఈ రెండింట్లో ఏది గొప్పదంటే నా ఓటు గంటకే. ఆ సంగతి అలా ఉంచితే, రెంటి వెనకా ఉన్న తెలివి ఒకటే. ఒకటి పక్కవాడికి వినిపించదు, రెండోది బిడ్డ పుట్టినప్పుడు తప్ప మోగదు. గ్రంథాలయంలో నిశ్శబ్దం డిజైనర్ సొత్తు కాదు, చదువుకునేవాడిది. శబ్దం ఎక్కడ పెట్టకూడదో తెలియడమే ఈ వృత్తిలో సగానికి పైగా విద్య.

ఆ విద్యలో ఒక ముఖ్యభాగం గదుల అకూస్టిక్స్, అంటే గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టడం. దానికి మూలపురుషుడు వాలెస్ సబైన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాలు కట్టారు. అందులో పలికిన మాట అయిదు సెకన్లకు పైగా గోడల మధ్య తిరుగుతూ ఉండేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సబైన్ రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక ఆర్గన్ పైపు ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కగట్టాడు. దగ్గరలోని థియేటరు సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, పరిచి, మళ్లీ లెక్కగట్టాడు. అలా పుట్టిన సూత్రం ఈరోజుకీ వాడుతున్నాం: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, ఆ గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగించాలి.

మన లెక్క మనం వేద్దాం. 15 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 4 ఎత్తున్న పఠన మందిరం అంటే 600 ఘనపు మీటర్లు. టైల్స్ నేల, నున్నటి గోడలు, ఇనుప బీరువాలు, పైన కాంక్రీటు శ్లాబు ఉంటే పీల్చుకునే వైశాల్యం 30 చదరపు మీటర్లే అనుకోండి. ప్రతిధ్వని 3.2 సెకన్లు నిలుస్తుంది, కుర్చీ జరిపితే హాలంతా గోల. పీల్చుకునే వైశాల్యాన్ని 120కి పెంచితే 0.8 సెకనుకు దిగుతుంది. పెంచడానికి ఫెల్ట్ పలకలు, మందపాటి తెరలు, జనపనార చాపలు చాలు. తెరిచి ఉన్న అరల్లోని పుస్తకాలు కూడా శబ్దాన్ని తాగుతాయి. అదే పుస్తకాలను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే అద్దం శబ్దాన్ని తిరగ్గొడుతుంది. తాళాలకు వ్యతిరేకంగా ఇదొక కొత్త వాదన, కావాలంటే వాడుకోండి.

ఇంకో ముచ్చట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల పేర్లు అందులో ఉన్నాయి. గ్రంథాలయం పేరు విడిగా లేదు.

స్పీకర్లు పెట్టాల్సి వస్తే పిల్లల విభాగంలో, ప్రదర్శనల మూలలో పెడతారు. ఒక్కచోట నిలబడినవాళ్లకే వినిపించే డైరెక్షనల్ స్పీకర్లు, మనిషి దగ్గరికొస్తేనే మోగించే సెన్సర్లు ఉన్నాయి. ఒకే రెండు నిమిషాల ముక్కను రోజంతా తిప్పే పని మాత్రం చేయకండి. పాఠకుడు విని వెళ్లిపోతాడు, లైబ్రేరియన్ మాత్రం సాయంత్రం దాకా భరించాలి. మూడో రోజున ఎవరో ప్లగ్గు పీకేస్తారు, తప్పు వాళ్లది కాదు.

ఇక చదువులు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో డిగ్రీ తర్వాత సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్‌లో మూడేళ్ల కోర్సు ఉంది. ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి అక్కడివాడే. కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థలోనూ ఇలాంటి కోర్సు ఉంది. సినిమా చదువే అయినా వినడం అక్కడ నేర్పినట్టు ఇంకోచోట నేర్పరు. ఆర్కిటెక్చర్, మెకానికల్ వాళ్లు అకూస్టిక్స్ వైపు, ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు ఆడియో ప్రోగ్రామింగ్ వైపు రావచ్చు. అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో ఎగ్జిబిషన్ డిజైన్ నేర్పుతారు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లకు ఒక సుగుణం ఉంది, పాఠకుడు వాళ్లకు ముందే తెలుసు. విదేశాలకు వెళ్లదలిస్తే బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలోని సోనిక్ ఆర్ట్స్ కేంద్రం, అకూస్టిక్స్‌కు ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ చూడండి.

డబ్బు సంగతి దాచను. గ్రంథాలయాల మీదే బతుకుదామంటే కుదరదు. మ్యూజియాలు, ప్రదర్శనలు, నాటకాలు, గేములు, సినిమాలు, అకూస్టిక్స్ కన్సల్టెన్సీలు కలిపి తింటేనే కడుపు నిండేది. పని కాంట్రాక్టుల మీద వస్తుంది, కొన్ని నెలలు రాదు. నెల తిరిగేసరికి జీతం పడాల్సిన ఇల్లయితే ఉద్యోగం చేస్తూ పక్కన ఇది పెంచుకోండి.

పోర్ట్‌ఫోలియోకు మీ ఊరి శాఖా గ్రంథాలయం చాలు. అనుమతి అడిగి ఫ్యాను రొద, పేపరు తిప్పే సవ్వడి, తలుపు కిర్రు రికార్డు చేయండి. ముప్ఫై ఏళ్లుగా రోజూ పేపరు చదవడానికి వచ్చే తాతగారిని మాట్లాడించండి, వాడుకుంటామని చెప్పి సంతకం తీసుకోండి. శబ్దాన్ని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్లలో ఆడాసిటీ ఉచితం, రీపర్ రెండు నెలలు ఉచితంగా ప్రయత్నించవచ్చు. అయిదారు నిమిషాల ముక్క చేసి క్యూఆర్ కోడ్‌గా అర పక్కన అంటిస్తే ఎవరి చదువూ చెడకుండా ఎవరి ఇయర్‌ఫోన్లో వాళ్లు వింటారు. చూపు లేనివారు కోడ్‌ను వేలితో తడిమి గుర్తుపట్టేలా, వినికిడి లేనివారికి అదే మాట అచ్చులో దొరికేలా చూడండి. ఈ రెండూ లేకపోతే నా లెక్కలో పని సగమే.

సినిమా పాట మాత్రం పెట్టకండి. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1915లో పోయిన గురజాడను ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు, 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 చివరిదాకా ఆగాలి లేదా హక్కుదారులను అడగాలి.

ఇదంతా తర్వాత. ఈ ఆదివారం గ్రంథాలయం తెరిచి ఉంటే వెళ్లండి. ఫోన్ ఆపేసి అరగంట కళ్లు మూసుకుని కూర్చోండి. వినిపించినవన్నీ కాగితం మీద రాయండి. ఇరవై రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి.