పనిచోట ధమ్మం: పై అధికారికి విసుగు ఎందుకు?



పోయిన నెల ఒక ఆదివారం వందన అయ్యాక ఒక తమ్ముడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. "అన్నా, మా మేనేజర్‌కి నేనంటే పడదు. ఏం చేసినా చిరాకే. ఇది నా కులం వల్లా, నా వల్లా?" అని అడిగాడు. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పాఠం దానికోసమే.

ఈ ప్రశ్న మనలో చాలామందిది. మనవాడు పది నిమిషాలు లేటైతే "వీళ్ళింతే" అంటారు. పక్క సీటాయన అరగంట ఆలస్యంగా వస్తే "పాపం, ట్రాఫిక్" అంటారు. బాబాసాహెబ్ 1917లో విదేశీ చదువు తర్వాత బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినప్పుడు ఉండటానికి ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టారు. ఆయన పనిలో లోపం చూసి వచ్చిన కోపం కాదది. అలాంటి కోపం ఈనాటికీ ఉంది. అయితే మన మీదికొచ్చే ప్రతి విసుగూ అలాంటిదేనా? కాదు. అందుకని అధికారి విసుగును రెండు కుప్పలుగా పోసుకోవాలి. మన అలవాటు వల్ల వచ్చేది ఒకటి, మన ఆత్మగౌరవం వల్ల వచ్చేది ఇంకొకటి.

మొదటి కుప్పలో అన్నిటికన్నా బరువైనది "అయిపోయింది సార్" అనే మాట. పని కాకుండానే అయిందని చెప్పడం. నేను చిన్న గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఈ జబ్బు నాకూ ఉండేది. ఒకసారి సూపరింటెండెంట్ ఒక పింఛను ఫైలు పంపావా అని అడిగితే, పంపాను సార్ అన్నాను. అది నా సొరుగులోనే ఉంది. రేపు పంపితే సరిపోతుందిలే అనుకున్నాను. రేపు ఎల్లుండి అయింది. నాలుగో రోజు ఆ పింఛను తాలూకు ముసలమ్మ కర్ర పట్టుకొని ఆఫీసుకొచ్చింది. ఫైలు ఎక్కడుందో అప్పుడు బయటపడింది. సూపరింటెండెంట్ నన్ను తిట్టలేదు. కానీ ఆనాటి నుంచి నేను ఏది చెప్పినా రిజిస్టరు తెప్పించి చూసేవాడు. నన్ను అవమానిస్తున్నాడని నేను రెండేళ్ళు అనుకున్నాను. అందులో కులం కూడా ఉందేమో, చెప్పలేను. అబద్ధం మాత్రం నాదే.

మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. భగవాన్ బుద్ధుడు రాహులుడి దగ్గరకు వెళ్ళి, కాళ్ళు కడుక్కొని పాత్రలో కొంచెం నీళ్ళు మిగిల్చాడు. తెలిసి అబద్ధమాడేవాడిలో మంచితనం ఇంతే మిగులుతుందని చూపించాడు. ఆ నీళ్ళు పారబోశాడు, పాత్ర బోర్లించాడు. తర్వాత అద్దం దేనికని అడిగాడు. చూసుకోవడానికన్నాడు రాహులుడు. అలాగే పని చేసే ముందు, చేస్తుండగా, చేశాక చూసుకోమన్నాడు. మాట, పని తప్పయితే గురువుకో, తెలివైన తోటివాడికో చెప్పుకొని, మళ్ళీ చేయకుండా జాగ్రత్తపడమన్నాడు. ఆఫీసులో దీన్ని ఇలా వాడుకోవాలి: "సార్, పొరపాటు జరిగింది, సాయంత్రానికి సరిచేస్తాను." తప్పు మనం చెబితే ఒక పూట తిట్లు. వాళ్ళు కనిపెడితే ఎన్నేళ్ళో నా కథలో చూశారు.

మిగతావి మీకు తెలిసినవే. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసి ఈ రోజు రాలేనని చెప్పడం, మీటింగులో ఫోను చూడటం, రాత్రి తాగిన మత్తుతో డ్యూటీకి రావడం, ఎదురుగా తలూపి టీ కొట్టు దగ్గర అధికారిని ఎగతాళి చేయడం. పంచశీలలో ఏది ఎక్కడ తప్పుతున్నామో వేరే చెప్పనక్కరలేదు. సిగాలోవాద సుత్తంలో సోమరి చెప్పే సాకులు ఆరున్నాయి: చలిగా ఉంది, ఎండగా ఉంది, మరీ పొద్దున్నే, మరీ పొద్దుపోయింది, ఆకలేస్తోంది, కడుపు నిండిపోయింది. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. రెండున్నర వేల ఏళ్ళుగా ఒక్క సాకూ పాతబడలేదు.

ఆ సుత్తంలోనే పనివారికి అయిదు ధర్మాలున్నాయి. యజమానికంటే ముందు లేవడం, తర్వాత పడుకోవడం, ఇచ్చినదే తీసుకోవడం, పని చక్కగా చేయడం, మంచిపేరు తేవడం. మొదటి రెండూ దాసులున్న కాలపు మాటలు. వేళకు రావడం, పని మధ్యలో వదిలిపోకపోవడం అని ఇవాళ తీసుకుంటే చాలు. పగలూ రాత్రీ చాకిరీ చేయమని కాదు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబే, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే 1946 సవరణ తెచ్చినవారు.

అక్కడే యజమానికీ అయిదున్నాయి. ఇవి చాలామంది చదవరు. శక్తికి తగిన పని ఇవ్వాలి. తిండి, కూలి ఇవ్వాలి. జబ్బు చేస్తే చూడాలి. మంచి పదార్థం దొరికితే పంచుకోవాలి. అప్పుడప్పుడు సెలవివ్వాలి. రెండో కుప్పను కొలవడానికి తూకం ఇదే. మున్సిపాలిటీలో అవుట్‌సోర్సింగ్ మీద ఊడ్చే ఒక అక్క గ్లౌజులు, బూట్లు అడిగితే సూపర్‌వైజర్‌కి కోపమొచ్చింది. "నీకు నోరెక్కువైంది" అన్నాడు. ఏప్రిల్ 14న సెలవడిగినా, ప్రమోషన్ రోస్టర్ చూపించమన్నా, ఆయుధపూజలో హారతి తీసుకోకపోయినా కొందరికి చిరాకే. ఇవి మానుకోవలసిన అలవాట్లు కావు. అయితే రెండు కుప్పలూ కలిపేసుకోవద్దు. లేటుగా వచ్చి కులం పేరు చెబితే, గ్లౌజులడిగిన అక్క మాట కూడా తేలికైపోతుంది.

ఆ తమ్ముడిని ఒక కాగితం మీద నెల రోజులు రాయమన్నాను: మేనేజర్ ఎప్పుడు, దేనికి విసుక్కున్నాడు అని. మొన్న తెచ్చాడు. తొమ్మిది రాశాడు. తనే పెన్సిల్‌తో ఆరింటికి "నాది" అని గుర్తు పెట్టుకున్నాడు. అందులో నాలుగు స్టాకు లెక్క చూడకుండా చూశానని చెప్పినవే. మిగిలిన మూడింటిలో రెండు, ఓవర్‌టైం డబ్బు అడిగినప్పుడు వచ్చినవి. ఓవర్‌టైం స్లిప్పులు, హాజరు కాగితాలు తీసుకొని వచ్చే ఆదివారం రమ్మన్నాను. లేబర్ ఆఫీసుకు అర్జీ రాయడం తెలిసినవాళ్ళు ఆ రోజు కాస్త ముందుగా విహారానికి రండి.