లైకులొచ్చాయి, గిరాకీ రాలేదు

సమస్య

అమ్మా, మాది సున్నిపెంట. మా మామగారు శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు కూలిపనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. బస్టాండుకు దగ్గర్లో మా ఆయనా నేనూ చిన్న మెస్ నడుపుతున్నాం. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం, రాత్రి జొన్నరొట్టె, గుత్తొంకాయ, చెనక్కాయల పొడి. ఒకప్పుడు ప్రాజెక్టు ఉద్యోగులతోనే మెస్ నిండేది. క్వార్టర్లు ఖాళీ అయ్యేకొద్దీ గిరాకీ తగ్గిపోయింది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే కార్లు మా ఊరి మీదుగానే వెళ్తాయి గానీ ఆగవు.

ఇంటర్ చదివే మా పిల్లోడు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడదామన్నాడు. వాడికి తెలిసినవాళ్ల ద్వారా ఒక ఏజెన్సీ వచ్చింది. నెలకు ఏడు వేలు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పులోంచి కడుతున్నా. పండగలకు శుభాకాంక్షల బొమ్మలు, సినిమా పాట పెట్టి రొట్టె కాల్చే రీల్స్ చేశారు. లైకులు వేలల్లో వచ్చాయి. రీల్ చూసి వచ్చామన్నవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడేమో గూగుల్‌లో యాభై రివ్యూలు రాయిస్తాం, దానికి వేరే డబ్బు ఇవ్వాలంటున్నారు. మా ఆయన ఇదంతా దండగ, ఆపెయ్యమంటాడు. పిల్లోడు ఇప్పుడు ఆపితే పెట్టిందంతా పోతుందంటాడు. ఎవరి మాట వినాలి?

— ఒక సోదరి, సున్నిపెంట

సలహా

చెల్లెమ్మా, ఈ నెలతో ఏజెన్సీకి డబ్బు కట్టడం ఆపెయ్యండి. అప్పు తెచ్చి లైకులు కొనుక్కోవడం మీలాంటి ఇంటికి మోయలేని బరువు. కానీ ఫోన్‌ను మాత్రం వదలకండి. ఆ ఫోన్ మీకు చేయాల్సిన పని ఇంకా మొదలే కాలేదు.

ముందు మీ రీల్స్ ఎవరు చూశారో పిల్లోణ్ని అడగండి. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ అకౌంట్‌లో ఏ ఊళ్లవాళ్లు ఎక్కువగా చూశారో కనిపిస్తుంది. ఎక్కడో ఇంట్లో కూర్చుని మీ రొట్టె చూసి ముచ్చటపడి లైకు కొట్టినవాళ్లు మంచివాళ్లే. వాళ్లు ఈ వారం సున్నిపెంటకు రారు, అంతే. మీకు కావలసింది రేపు శ్రీశైలం బయల్దేరేవాళ్లు.

వాళ్ల ప్రయాణం ఎలా సాగుతుందో మీకంటే బాగా ఏ ఏజెన్సీకీ తెలియదు. దారి పులుల అభయారణ్యంలోంచి కాబట్టి మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టులు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటాయి. ఆరింటికి మన్ననూరులో గేటు తీయగానే కదిలిన కారు ఈగలపెంట దాటి, డ్యామ్ దిగువన వంతెన మీదుగా లింగాలగట్టుకొచ్చి, ఘాట్ ఎక్కి మీ ఊరు చేరేసరికి సరిగ్గా ఉగ్గాని వేళ. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ ఆకలేసినా ఫోన్‌లో వెతకలేరు. అంటే ఎక్కడ ఆగాలో వాళ్లు ముందురోజు రాత్రి ఇంట్లోనే చూసి పెట్టుకోవాలి. మీరు కనపడాల్సింది ఆ రాత్రి, గూగుల్ మ్యాప్స్‌లో.

అక్కడ మెస్ పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళ, మూసే వేళ సరిగా పెట్టండి. మ్యాప్‌లో గుర్తు మీ గుమ్మం ముందే పడేలా చూడండి. రొట్టె ఫొటోతోపాటు కారు ఆపే చోటు, బాత్రూమ్ ఫొటోలూ పెట్టండి. నవ్వకండి, రెండు గంటలు ఘాట్ రోడ్డులో ముసలివాళ్లతో, పిల్లలతో వచ్చినవాళ్లు ముందు అడిగేది అదే. బాత్రూమ్ బాగా లేకపోతే ఏజెన్సీకిచ్చే ఒక నెల డబ్బు దానికి పెట్టండి. నా దృష్టిలో మీకు అంతకు మించిన ప్రచారం లేదు.

ఇక సీజన్లు. ఉగాదికి కన్నడ భక్తులు తండోపతండాలుగా వస్తారు, నల్లమల గుండా నడిచి వచ్చేవాళ్లూ ఎందరో. జొన్నరొట్టె వాళ్ల ఇంటి తిండి. ‘జోళద రొట్టి’ అని కన్నడ లిపిలో ఒక బోర్డు రాయించండి, గూగుల్‌లోనూ ఆ మాట చేర్చండి. వానాకాలంలో కృష్ణకు వరదొచ్చి, జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరయితే గేట్లు ఎత్తుతారు. ఆ రోజుల్లో హైదరాబాదులో సగం మంది అడిగే ప్రశ్న ఒకటే, ఈరోజు ఎన్ని గేట్లు ఎత్తారని. ఉన్న 12 గేట్లలో ఎన్ని తెరిచారో, రోడ్డు మీద రద్దీ ఎలా ఉందో పొద్దున్నే చిన్న వీడియో తీసి, తేదీ చెప్పి పెట్టండి. నీళ్ల దగ్గరికి వెళ్లకండి, జనాన్ని నిలవనిచ్చే చోటు నుంచే తీయండి. నిరుటి వీడియో ఎప్పుడూ పెట్టకండి. అది నమ్మి అంత దూరం నుంచి వచ్చి, మూసిన గేట్లు చూసి వెళ్లినవాళ్లు మీ పేరు మర్చిపోరు.

డబ్బిచ్చి రివ్యూలు రాయించే మాట చెవిన పెట్టకండి. గూగుల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు, దొరికితే తీసేస్తుంది. మన దేశంలోనూ ఇలాంటి దొంగ రివ్యూలను అడ్డుకోవడానికే 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. శ్రీశైలంలో గదుల పేరిట నకిలీ వెబ్‌సైట్లు భక్తుల డబ్బు కాజేసిన సంగతి మీకూ తెలిసే ఉంటుంది. అలా దెబ్బతిన్న యాత్రికుడికి మనం మరో అబద్ధం చూపించకూడదు. తిని లేచినవాళ్లను మీరే నోరారా అడగండి, నచ్చితే రెండు ముక్కలు రాయమని. పది నిజమైన మాటలు చాలు. ఎవరైనా ఉప్పెక్కువైందని రాస్తే అలగకుండా జవాబివ్వండి.

ట్రావెల్స్ డ్రైవర్ల నంబర్లు, వాళ్లు సరేనంటేనే, తీసుకోండి, మీ నంబరునూ వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకోమనండి. వాట్సాప్ బిజినెస్ ఉచితమే. సాయంత్రం ఆ రోజు కూర ఫొటో స్టేటస్‌లో పెడితే చాలు. బండి ఎక్కడ ఆపాలో తేల్చేది చాలాసార్లు డ్రైవరే. ప్రకటనకు డబ్బు పెట్టాలనుకుంటే కార్తీకమాసంలో, శివరాత్రికి ముందు, హైదరాబాదు వరకే, రోజుకు వంద రెండొందలకు మించకుండా పెట్టి చూడండి.

ఏజెన్సీకి ఆపుతున్నట్టు చెప్పే ముందే మీ పేజీ ఎవరి మెయిల్‌తో, ఎవరి నంబరుతో తెరిచారో కనుక్కోండి. వాళ్లదైతే మీ నంబరుకు మార్పించుకుని, పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాతే ఆఖరి నెల డబ్బు ఇవ్వండి. పిల్లోడికి పరీక్షలుంటాయి కాబట్టి ఫొటో పెట్టడం, జవాబివ్వడం వాడి దగ్గర మీరే నేర్చుకోండి. మీ ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పుడు వచ్చినవాళ్లందరినీ ‘మా మెస్ సంగతి ఎలా తెలిసింది?’ అని అడిగి నోటుబుక్కులో రాయమనండి. రెండు నెలలయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురూ మాట్లాడుకోండి.