ఈమాక్స్‌లో బఫర్ల ఏరివేత

ఈమాక్స్ అనే ఎడిటరు 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్నే కొత్తగా వ్రాసి 1985లో గ్నూ ఈమాక్స్ పేరిట విడుదల చేశాడు. వాడేవాళ్ళందరికీ తెలిసిన చిక్కొకటి వుంది. తెరిచిన ప్రతి ఫైలూ ఒక బఫరై కూచుంటుంది. మనం పొమ్మనేదాకా పోదు. వారం రోజులు మూయకుండా వుంచితే ఆ జాబితా పెళ్ళివారి విడిదిలా తయారవుతుంది.

దీనికి మందు అందులోనే వుంది. మిడ్‌నైట్-మోడ్ పెట్టుకుంటే రోజూ అర్ధరాత్రి క్లీన్-బఫర్-లిస్ట్ అనే ఆజ్ఞ నడిచి, మూడు రోజులుగా తెరమీదికి రాని బఫర్లను మూసేస్తుంది. హెల్ప్ వంటి తాత్కాలిక బఫర్లకు గడువు 3,600 సెకన్లే. రాత్రి లాప్‌టాప్ కట్టేసి పడుకునేవాళ్ళు ఆ ఆజ్ఞను చేత్తోనే నడుపుకోవచ్చు.

మరి వుంచవలసినవాటి సంగతి? తెరమీద కనబడుతున్నదాన్నీ, లోపల ప్రోగ్రాము నడుస్తున్నదాన్నీ, మార్పులు సేవ్ కాని ఫైలునీ అది ముట్టుకోదు. స్క్రాచ్, మెస్సేజెస్ అనేవి 'ఎన్నడూ మూయరాని' పేర్ల జాబితాలో ముందే వుంటాయి. అసలు గొయ్యి ఏమిటంటే, ఏ ఫైలుకీ చెందని బఫరు విషయంలో "సేవ్ చెయ్యనా?" అన్న ప్రశ్నే పుట్టదు. ఆటో-సేవ్ కూడా మామూలుగా వుండదు. నా గది మిత్రుడొకడు ప్రాజెక్టు రిపోర్టు ముగింపంతా అలాంటి ఒట్టి బఫరులో వ్రాసి, మిషను నడుస్తుండగానే పండక్కి వూరెళ్ళాడు. అయిదోనాడు వచ్చి చూస్తే ఏముంది, శూన్యం!

ఆ పేరును జాబితాలో చేర్చితే అర్ధరాత్రి గండం తప్పుతుంది. కాని మనమే పొరపాటున మూసేస్తే అది అడ్డుకోదు గదా. అందుకని నేను కిల్-బఫర్-క్వెరీ-ఫంక్షన్స్‌ను నమ్ముతాను. ఏ బఫరైనా మూసేముందు ఈమాక్స్ అందులోని ఫంక్షన్లను వరసగా పిలుస్తుంది. ఏ ఒక్కటి 'నిల్' అన్నా మూత ఆగిపోతుంది. నా ఫంక్షను చూసేవి రెండే: పేరు 'నోట్సు' అని మొదలైందా, దానికి ఫైలు లేదా? రెండూ అవునంటే నిల్, లేకపోతే టీ. ఆ చివరి టీ వ్రాయడం మరిచారా, ఇక ఒక్క బఫరూ మూతపడదు! నోట్సును ఫైలుగా సేవ్ చేసిన క్షణాన కాపలా దానంతటదే తొలగిపోతుంది.

ఒక్క బఫరు కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, ఈమాక్స్-లాక్-మోడ్ చాలు. ఏరివేత లూపును సొంతంగా వ్రాసుకునేవాళ్ళు మాత్రం ఖాళీజాగాతో మొదలయ్యే పేర్లను దాటవెయ్యాలి. అవి మినీబఫరుతో సహా ఈమాక్స్ తన సొంతానికి దాచుకున్నవి.